గిటారు మెడ బిగించిన వారం

మొన్న బెజవాడలో ఒక గిటార్ల షాపులో నేను పెట్టిన కేకకి, పాపం, అక్కడి కుర్రాడి చేతిలో స్క్రూడ్రైవరు జారి కిందపడింది. అతని తప్పేమీ లేదు. నా బేసు గిటారు తీగలు ఈమధ్య ఎత్తుగా అనిపిస్తున్నాయి, వేళ్లు నొప్పెడుతున్నాయి, ఒకసారి చూపిద్దామని నేనే వెళ్లాను. అరవై దాటిన మనిషిని, నేతచీర, నెరిసిన ముడి, భుజాన ఇంత పొడుగు గిటారు. "మనవడిదా ఆంటీ?" అన్నాడు. "నాదే నాయనా" అన్నాను. నన్నొకసారి, గిటార్నొకసారి చూసి, మర్యాదస్తుడు గనక నవ్వు మింగేసుకుని, గిటారుని బోర్లా తిప్పాడు. వెనకాల ఇనప పలక మీద నాలుగు మరలున్నాయి. పొడుగాటి మెడని లావుపాటి ఒంటికి పట్టి ఉంచేవి ఆ నాలుగే. "ముందు మెడ విప్పాలాంటీ" అని స్క్రూడ్రైవరు ఆనించాడు. అంతే, "విప్పొద్దు!" అని అరిచాను. రోడ్డు మీద ఆటోవాడు కూడా ఇటు తిరిగి చూశాడు. కుర్రాడు తేరుకుని, "అదేంటాంటీ, విప్పుకోడానికే గదండీ మరలు పెట్టేది" అన్నాడు. ఆ మాట వినేసరికి నాకు నవ్వు ఆగలేదు. అక్షరం పొల్లుపోకుండా ఇదే మాట మా నాయనమ్మ అనేది. ఆ మాట వల్లే ఆ గిటారు ఒకసారి రెండు ముక్కలై నా ఒళ్లో పడింది. చివరికి అతను మెడ జోలికి పోకుండా, కింద తీగలు కట్టే చోటే కాస్త దించి ఇచ్చాడు. బస్సులో గుడివాడ వచ్చేదాకా గిటారుని ఒళ్లో పెట్టుకుని నాలో నేనే నవ్వుకుంటూ కూర్చున్నాను. పక్కసీటావిడ పామర్రులోనే లేచి వేరే సీట్లోకి వెళ్లిపోయింది.

ఈ విప్పడం సంగతి తెలియాలంటే మా ఇల్లు తెలియాలి. నాన్న జిల్లా పరిషత్ స్కూళ్లలో లెక్కల మాస్టారు. ఒక ఊళ్లో పాలవాడికి మా పేర్లు నోటపట్టేలోపే ఇంకో ఊరికి బదిలీ ఆర్డరు వచ్చేసేది. ముదినేపల్లి, పామర్రు, నాగాయలంక, బందరు, మళ్లీ పామర్రు, చివరికి గుడివాడ. అందుకని మా ఇంట్లో ఏ వస్తువు కొన్నా నాయనమ్మ అడిగే మొదటి ప్రశ్న, "ఇది విడుతుందా?" అనే. విడని వస్తువు మా గుమ్మం ఎక్కేది కాదు. మంచాలు విడేవి, బల్ల విడేది, అమ్మ కుట్టుమిషను విడేది, ఊయల విడేది, ఆఖరికి చిలక్కొయ్యలు కూడా గోడలోంచి ఊడి మాతో వచ్చేవి. ఏ కాలు ఏ పట్టెకో పొరపాటు రాకుండా నాయనమ్మ అన్నిటికీ ఎనామిల్ రంగుతో చుక్కలు పెట్టేది. అమ్మానాన్నల మంచానికి ఎర్రచుక్క, నా మంచానికి పచ్చచుక్క, బల్లకి తెల్లచుక్క. మరలన్నీ ఆముదంలో తడిపి ఒక బిస్కెట్ల డబ్బాలో ఉండేవి. ఆ ఆముదం, ఎనామిల్, ట్రంకుపెట్టెల్లోని కలరా ఉండలు, మూడూ కలిసి ఎక్కడైనా తగిలితే ఇప్పటికీ నాకు చిన్నతనమంతా ఒక్కసారి ముక్కులోకి ఎక్కుతుంది. బదిలీ వచ్చిందని నాన్న నోటితో చెప్పినట్టు నాకు గుర్తే లేదు. సాయంత్రం స్కూలు నుంచి వచ్చి, చెప్పులు విడిచి, "అమ్మా, స్క్రూడ్రైవరు ఎక్కడుందే?" అనేవాడు. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి, "ఈసారి ఏ ఊరండీ?" అనేది. మా ఇంట్లో విప్పడమంటే ప్రయాణమే. విప్పితే వెళ్తాం, విప్పకపోతే ఉంటాం, అంతే లెక్క.

గుడివాడలో మాతో పాటు సుగుణత్తయ్య ఉండేది. నాన్నకి చెల్లెలు. టెలిఫోన్ ఎక్సేంజిలో ఆపరేటరు. మనిషి తాటిచెట్టంత పొడుగు, నవ్విందంటే వీధి చివర కుక్కలు లేచి కూర్చునేవి. ఇంట్లో ఒక గొంతు, డ్యూటీలో ఒక గొంతు ఉండేవి ఆవిడకి. "ఒసే రూతూ, నా జడపిన్నులు ఏం చేశావే" అని నామీద కేకలేసే మనిషే హెడ్‌ఫోను పెట్టుకోగానే "నమస్కారమండీ, గుడివాడ" అని తేనె ఒలకబోసేది. చర్చిలో పాటల బృందం ఆవిడ చేతిలోనే ఉండేది. ఊళ్లో ఒక ఆర్కెస్ట్రా పార్టీ మూతబడి సామాను అమ్మేస్తుంటే, హార్మోనియం కొంటానని వెళ్లి, బేసు గిటారుతో, దాని స్పీకరు పెట్టెతో రిక్షాలో దిగింది. "ఇదేం చేస్తుందే?" అంది నాయనమ్మ. "కింద నుంచి పట్టుకుంటుందమ్మా. పాట పడిపోకుండా" అంది అత్తయ్య. నాయనమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, వెనకాల నాలుగు మరలు కనపడగానే మొహం వెలిగిపోయింది. "పర్లేదు, విడుతుంది" అంది. ఇంకేం, గిటారుకి ఇంట్లో చోటు దొరికింది.

అత్తయ్యకి షిఫ్టు డ్యూటీలు, పైగా పాడేది కూడా ఆవిడే. అందుకని ఆర్కెస్ట్రా వాళ్ల దగ్గర తను నేర్చుకున్నదంతా నాకు నేర్పేసింది. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. ఏమాటకామాటే, నా వేళ్లు ఆ గిటారు కోసమే పొడుగ్గా పుట్టాయి. ఆదివారం ఆరాధనలో ఆ లావు తీగ మీద మొదటిసారి వేలు వేసినప్పుడు చర్చి బెంచీలు గుర్రుమన్నాయి. ఇంక నన్ను పట్టేవాళ్లు లేరు. అన్నం తింటూ కంచం అంచు మీద వాయించేదాన్ని, కాలేజీలో డెస్కు మీద వాయించేదాన్ని. నిద్రలో అమ్మ చెయ్యి మీద వాయిస్తే లేచి ఒక్కటిచ్చింది. కానీ గిటారు నాది కాదు, అత్తయ్యది. ఆ సంగతి అప్పట్లో నాకు గుర్తే వచ్చేది కాదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆదివారం ఆరాధన కాగానే నాయనమ్మ గిటారు మెడ విప్పేది. ప్రతి ఆదివారం! ఒంటిని ఒక పాతచీరలో, మెడని ఇంకో పాతచీరలో చుట్టి, ట్రంకులో పెట్టి, మంచం కిందికి తోసేది. ఎలకలు కొరక్కుండా, చుట్టాల పిల్లలు పీకకుండా. మళ్లీ శనివారం బిగించేది. మాకెవరికీ ఇందులో తప్పు కనపడలేదు. బీరువాని కూడా విప్పే కొంపలో గిటారు ఒక లెక్కా? "మరలు పెట్టిందే విప్పుకోడానికి గదే" అనేది నాయనమ్మ. ఇనప మర చెక్కలో అన్నిసార్లు తిరిగితే ఆ బెజ్జం వదులై, చెక్క పిండి అయిపోతుందని మాలో ఒక్కరికీ తట్టలేదు. మంచం కాళ్లకైతే బోల్టూ నట్టూ ఉంటాయి, చెక్కకి పనిలేదు. గిటారు మెడని పట్టుకునేది మాత్రం వట్టి చెక్కే. మర వదులైనప్పుడల్లా నాన్న ఆ బెజ్జంలో ఒక అగ్గిపుల్ల ముక్క దూర్చేవాడు. "సరిపోయింది" అనేవాడు.

అలా ఉండగా అత్తయ్యకి పెళ్లి కుదిరింది. కుదరడం అనకూడదు, పేలింది. ముప్ఫై ఎనిమిదేళ్లు వచ్చేదాకా ఏ సంబంధం వచ్చినా వాళ్లే వద్దనేవారు, లేదా ఈవిడే నవ్వి పంపించేసేది. ఎవరికీ తెలియనిది ఏమిటంటే, ఏళ్ల తరబడి దివిసీమకి ట్రంకు కాల్ కలపాల్సి వచ్చినప్పుడల్లా అటునుంచి ఒకే గొంతు పలికేది. "నమస్కారమండీ, అవనిగడ్డ." ఈవిడ "నమస్కారమండీ, గుడివాడ." మొదట వానలు పడ్డాయా అని, తర్వాత భోజనం అయిందా అని, ఆ తర్వాత ఏం కూర అని. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఒక పొట్టి మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతిలో చక్కెరకేళీల గెల, మా గుమ్మంలో నిలబడి, "మాస్టారి ఇల్లు ఇదేనాండీ?" అన్నాడు. అంతే! వంటింట్లో చేపలు కడుగుతున్న అత్తయ్య, చేతికి పొలుసులతోనే, "అవనిగడ్డ!" అని అరుస్తూ పరుగెత్తుకొచ్చింది. ఆయన తలెత్తి చూశాడు. ఇంకా ఎత్తి చూశాడు. అత్తయ్య అంత పొడుగుంటుందని పాపం గొంతులో తెలియదు కదా. చూసి చూసి, గెల కింద పెట్టి, రెండు చేతులూ జోడించి, "నమస్కారమండీ గుడివాడ గారూ" అన్నాడు. ఇద్దరూ పగలబడి నవ్వడం మొదలుపెట్టారు. నాన్నకి ఏమీ అర్థంకాక, మర్యాదకి ఆయనా నవ్వాడు. నాయనమ్మ మాత్రం వెంటనే అర్థం చేసుకుని, గోడకి ఆనించి ఉన్న పచ్చచుక్క మంచం బిగించబోయింది, అల్లుడు గారు కూర్చోవాలి గదా అని. ఆయన పేరు ప్రభుదాసు. కానీ ఈనాటికీ ఆ ఇంట్లో ఆయన "అవనిగడ్డ గారు", ఆవిడ "గుడివాడ గారు".

పెళ్లి మా చర్చిలోనే. అటువైపు వాళ్లు బ్యాండు మేళం అన్నారు. అత్తయ్య వద్దంది. "నేను లోపలికి నడిచేటప్పుడు మా రూతు బేసు మోగాలి. అంతకంటే నాకేమీ వద్దు" అంది. ఒకరోజు పెరట్లో నా జడ వేస్తూ, నవ్వకుండా, చాలా మెల్లగా చెప్పింది. "ఈ వయసులో పెళ్లికూతురంటే అందరూ నా కాళ్ల వంకా మొహం వంకా చూస్తారే. గుమ్మం దగ్గర నా కాళ్లు ఆగిపోతాయేమోనని భయంగా ఉంది. నువ్వు కింద నుంచి దంచుతుంటే, ఆ దెబ్బకి ఒక్కో అడుగు వేసుకుంటూ వచ్చేస్తాను." సుగుణత్తయ్యకి భయం అనేది ఒకటుంటుందని నాకు ఆ రోజే తెలిసింది. నేను వెనక్కి తిరిగి ఆవిడ నడుము చుట్టేశాను. సగం వేసిన జడ ఊడిపోయింది.

పెళ్లి వారంలోకి వచ్చింది. చర్చిలో రిహార్సలు. పాస్టరు గారి భార్య, మేమందరం అమ్మగారు అనేవాళ్లం, హార్మోనియం ముందు కూర్చున్నారు. పాటల బృందం నిలబడింది. నేను గిటారు తగిలించుకుని మొదలుపెట్టాను. మొదటి చరణం బాగానే నడిచింది. రెండో చరణంలో ఏదో తేడా. నేను పలికిస్తున్న స్వరం మెల్లమెల్లగా కిందికి దిగుతోంది. నేను దింపడం లేదు. నాలుగు తీగలూ కలిసి మెడని ముందుకి గుంజుతుంటే, వదులైన మరల్లోంచి మెడ లేస్తోంది, తీగలు సడలుతున్నాయి. ఎవరైనా ఆపుతారు కదా? అబ్బే! అత్తయ్య వాళ్లకి ఏళ్ల తరబడి నేర్పింది ఒకటే: "ఏం జరిగినా బేసుని వదలకండి." పట్టుకున్నారు, ఎంత విశ్వాసమని! గిటారు దిగితే వాళ్లూ దిగారు. మూడో చరణానికి ఆడవాళ్లు మగవాళ్ల గొంతులోకీ, మగవాళ్లు ఎడ్ల గొంతులోకీ వచ్చేశారు. అమ్మగారు తన హార్మోనియమే పాడైందనుకుని ఆపి, గాలితిత్తి తట్టి చూసుకుంటున్నారు. అప్పుడు టప్పుమని ఒక చప్పుడు. మెడ ఊడి, తీగలకి వేలాడుతూ, నా ఒళ్లో పడింది. మరల వెంట అగ్గిపుల్లల ముక్కలు జలజల రాలాయి. వెనక వరస నుంచి ఎవరో "ఆమేన్" అన్నారు.

అందరం నవ్వాం. అత్తయ్య అయితే నేలమీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ, పైట చెంగు మొహం మీద వేసుకుంది. కాసేపటికి ఆ చెంగు కింద ఉన్నది నవ్వు కాదని మాకు తెలిసింది. "నడవలేనే రూతూ" అంది లోపలినుంచి.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నాయనమ్మ పెళ్లికూతురి సామాను సర్దుతోంది. అవనిగడ్డ వెళ్లాల్సినవన్నీ పైకే అనుకుంటోంది. "కొత్త మంచం నీలం చుక్క, బిందెలు, కొత్త కుట్టుమిషను నల్లచుక్క, గిటారు." గిటారు! ఎందుకు వెళ్లదు, ఆవిడ జీతంతో కొనుక్కున్న ఆవిడ వస్తువు. బాగుచేస్తే అవనిగడ్డ వెళ్లిపోతుంది. బాగుచెయ్యకపోతే అత్తయ్య గుమ్మం దగ్గర ఆగిపోతుంది. గిటారు లేని ఆదివారం ఎలా ఉంటుందో ఊహించుకుంటే నాకు అన్నం సయించలేదు. కానీ చెంగు కింద నుంచి వచ్చిన ఆ మాట చెవుల్లోంచి పోతేగా. "నాన్నా, బాగుచేద్దాం" అన్నాను. ఆ తర్వాత దాని ఊసు అత్తయ్య దగ్గర ఎత్తలేదు.

మరుసటి రోజు నుంచి మా వసారా ఆసుపత్రి అయింది. నాన్న అలవాటుగా అగ్గిపెట్టె తీస్తే అమ్మ లాక్కుని పొయ్యి దగ్గర పెట్టేసింది. "అగ్గిపుల్లలతో పెళ్లి చేస్తారాండీ?" బెజ్జాల్లో గట్టి చెక్క నింపాలి, అది ఎండాక దాంట్లో కొత్త బెజ్జాలు వెయ్యాలి. ఇంతవరకూ అందరం ఒప్పుకున్నాం. ఏ చెక్క అన్న దగ్గర గొడవ. నాన్న స్కేలు అన్నాడు. స్కేలు బద్ద పలచన. నాయనమ్మ లోపలికి వెళ్లి, గోడకున్న టేకు చిలక్కొయ్య పీకి తెచ్చింది. తాతయ్య పోయేదాకా ఆయన చొక్కా దానికే వేలాడేది. ఊరు మారినప్పుడల్లా అది మాతో వచ్చేది, ఏ ఇంట్లోనూ ఇంకొకరి చొక్కా దానికి తగిలించనిచ్చేది కాదు. "అదెందుకే అమ్మా" అన్నాడు నాన్న. "చొక్కా ఎలాగూ లేదుగా, కొయ్య ఏం చేసుకుంటాను? మీ నాన్నకి సుగుణ పెళ్లంటే ఎంత ఇదో! ఆయన తరఫున ఇది ఉంటుందిలే" అంది. నాన్న కళ్లజోడు తుడుచుకుని చాకు అందుకున్నాడు.

టేకుని సన్నటి మేకుల్లా చెక్కి, జిగురు రాసి, మెడలోని పాత బెజ్జాల్లోకి దిగ్గొట్టి, ఎండ తగిలే చోట ఒక రోజంతా వదిలేశాం. ఒక రోజంతా! అత్తయ్య డ్యూటీ నుంచి రాగానే చీర కూడా మార్చకుండా వంగి చూడబోయింది, నాయనమ్మ ఒడియాల మీద కాకుల్ని తోలే కర్రతో ఆవిడనీ తోలింది. పొడుచుకొచ్చిన చివరలు నాన్న ఉప్పుకాగితంతో నునుపు చేశాడు. ఇక మెడని ఒంటి మీద తిన్నగా పెట్టి, కొత్త బెజ్జాలు ఎక్కడ పడాలో గుర్తు పెట్టాలి. నాన్న కాంపాస్ పెట్టె తెచ్చి, కోణమానిని పెట్టి, ఏవేవో లెక్కలు వేసి, "ఇదిగో, తిన్నగా ఉంది" అన్నాడు. అమ్మ దూరంగా బియ్యం ఏరుకుంటూ, తలెత్తి ఒక్కసారి చూసి, "ఎడమకి పోయిందండీ" అంది. నాన్న నవ్వి మళ్లీ లెక్క వేశాడు. "ఎడమకే పోయింది" అంది అమ్మ. ఊరందరి జాకెట్లూ కుట్టే మనిషి, ఆవిడ కన్ను ఆవిడది. చివర్లో ఉన్న రెండు తీగలూ మాత్రం వదులుగా కట్టి చూస్తే నిజమే, సన్న తీగ మెడ అంచు దాటి జారేలా ఉంది. అసలు ఆర్కెస్ట్రా రోజుల నుంచీ ఆ మెడ వంకరే! అందుకేనేమో సన్న తీగ నా వేలికింద నుంచి ఎప్పుడూ తప్పించుకునేది. నేను కళ్లు తిరిగేంత సంతోషంతో గంతేశాను, ఇన్నాళ్లూ తప్పు నా వేలిదనుకున్నాను మరి. అమ్మ "కొంచెం కుడికి, ఇంకొంచెం, ఆ, ఆగు" అంటే, నేనూ అత్తయ్యా చెరోవైపు పట్టుకున్నాం. నాన్న మరల మొనలు ఎర్రసిరాలో ముంచి, వెనక నుంచి ఒంటి బెజ్జాల్లో దూర్చి, మెడకి ఆనించి నొక్కాడు. తీసి చూస్తే టేకు మీద నాలుగు ఎర్రచుక్కలు. ప్రతి చుక్కా పాత బెజ్జానికి ఒక వెంట్రుకవాసి పక్కన. "ఎర్రచుక్క మీ మంచానిది గదరా!" అంది నాయనమ్మ అలవాటుగా. ఇంక నవ్వలేక మెడ కింద పెట్టేశాం.

బెజ్జం వెయ్యడం నా వంతు వచ్చింది. స్కూల్లో క్రాఫ్టు మాస్టారి దగ్గర నాన్న చేతి డ్రిల్లు అడిగి తెచ్చాడు గానీ, "ఎక్కువ దిగితే అటువైపు నుంచి బయటికి వచ్చేస్తుంది" అని తనే ఒక మాట అనేసుకుని, ఆ మాటకి తనే భయపడి, డ్రిల్లు బల్ల మీద పెట్టేశాడు. డ్రిల్లు పుల్లకి ఎంతవరకు దిగాలో అక్కడ గాయానికి వేసే ప్లాస్టరు చుట్టి, నా చేతికిచ్చాడు. "నువ్వే వెయ్యమ్మా. వాయించేది నువ్వు." అత్తయ్య మెడని రెండు చేతులతో బల్లకి అదిమి పట్టుకుంది. నేను పిడి తిప్పాను. సన్నటి టేకు పొడి సుడి తిరుగుతూ పైకి వచ్చింది. ప్లాస్టరు తగలగానే ఆగాను. రెండోది. మూడోది. నాలుగోది అయ్యేదాకా అత్తయ్య ఊపిరి నా చెవి మీద తెలుస్తూనే ఉంది. మరలకి బట్టల సబ్బు రుద్ది బిగిస్తుంటే కీచుమని ఒక చప్పుడు, పట్టు దొరికిన చప్పుడు. తీగలు కట్టి, శ్రుతి చేసి, లావు తీగ మీద వేలు వేశాను. వసారాలో స్టీలు గ్లాసులన్నీ మోగాయి. అత్తయ్య నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పింది, నిజంగానే, ఇంటర్ చదివే దాన్ని. "ఇక దీన్ని ఎవరైనా విప్పితే చేతులు విరగ్గొడతాను" అన్నాడు నాన్న. "విప్పకుండా అవనిగడ్డ ఎలా వెళ్తుందిరా? పెళ్లయ్యాక ఒక్కసారి విప్పుదాం. అక్కడ అల్లుడు గారు బిగించుకుంటారు" అంది నాయనమ్మ. నేను టేకు పొడి ఊడుస్తున్నట్టు అటు తిరిగాను.

ఇప్పుడు మా ఇంట్లో ఏదీ విడదు. మంచం విరిగితే కొత్తది వస్తుంది, పాతది ఎటు పోతుందో తెలియదు. బీరువా చెక్కపొడి అట్టతో చేసిందట, ఒకసారి మర పీకితే మళ్లీ పట్టదు. బల్ల కాలు ఊగితే నేను సబ్బూ స్క్రూడ్రైవరూ వెతుక్కుంటాను, మా అమ్మాయి ఫోను తీసి కొత్త బల్ల వెతుకుతుంది. తిట్టడం లేదండోయ్. మా రోజుల్లో బదిలీ అంటే లారీ మీద సగం సంసారం వానలో తడిసేది, అదేం సుఖం కాదు. కానీ ఒక వస్తువు చుట్టూ ఇంటిల్లిపాదీ మూగి, ఒకరు కన్నుతో, ఒకరు కొయ్యతో, ఒకరు ఎర్రసిరాతో, దాన్ని మళ్లీ నిలబెట్టిన సంబరం మాత్రం కొత్త బల్లతో రాలేదు, రాదు. ఆ సంబరం లేకుండా పెరిగే పిల్లలంటే నాకు కాస్త జాలే.

పెళ్లి రోజున కరెంటు పోలేదు. ఆ రోజుల్లో గుడివాడలో ఇదొక అద్భుతం. గుమ్మంలో తెల్లచీర, తెల్ల ముసుగుతో అత్తయ్య, పక్కన నాన్న. జనమంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. అత్తయ్య ఆగింది. చెప్పినట్టే, ఆగిపోయింది. అమ్మగారి హార్మోనియం మొదలై పోతూనే ఉంది, ఆవిడ కదలడం లేదు. పాటల పుస్తకాల చాటున గుసగుసలు మొదలయ్యాయి. నేను పాటలో ఉన్న బేసు వదిలేసి, లావు తీగని ఒంటరిగా పట్టుకున్నాను. ధన్. ఆగి, ధన్. ఇంకోటి. చర్చి నేల అదిరింది. మూడో దెబ్బకి అత్తయ్య కుడికాలు లేచింది. నాలుగోదానికి ఎడమది. సగం దూరం వచ్చేసరికి ముసుగులోంచి ఆవిడ నవ్వు వినిపించింది. ఎదురుగా ప్రభుదాసు మావయ్య మడమలెత్తి నిలబడి చూస్తున్నాడు. మెడ అంగుళం కదల్లేదు, స్వరం వెంట్రుకవాసి దిగలేదు. నాకు ఏడుపొస్తోంది, కానీ వేలు ఆపితే ఆవిడ ఆగుతుంది కదా, ఆపలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అవనిగడ్డ వ్యాను వచ్చింది. అప్పగింతలు. అమ్మ ఏడుస్తోంది, నాన్న కళ్లజోడు తుడుస్తూనే ఉన్నాడు. నీలం చుక్క మంచం కట్టలు వ్యాను ఎక్కాయి, కుట్టుమిషను ఎక్కింది. ట్రంకు మూత తెరిచి ఉంది. నాయనమ్మ రెండు పాతచీరలు పక్కన పెట్టుకుని, గిటారుని ఒళ్లో బోర్లించి, స్క్రూడ్రైవరు పలక మీద ఆనించింది. నేను చూడలేక గోడవైపు తిరిగాను.

"అమ్మా, అది విప్పకు."

అత్తయ్య గొంతు. వ్యాను ఎక్కబోతున్న మనిషి పెళ్లిచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మళ్లీ లోపలికి వచ్చింది.

"విప్పకపోతే పెట్టెలో పట్టదే" అంది నాయనమ్మ.

"పట్టదుగా."

"మరి ఎలా తీసుకెళ్తావే?"

"తీసుకెళ్లను. మనింట్లో విప్పని వస్తువు ఎక్కడికీ వెళ్లదు కదమ్మా" అంది. గిటారుని నాయనమ్మ ఒళ్లోంచి తీసి, పట్టీ నా మెడలో వేసింది. నా గడ్డం పట్టుకుని, "వారం నుంచీ మొహం ఎందుకు వేలాడేశావో నాకు తెలియదనుకున్నావా? బాగైతే వెళ్లిపోతుందని తెలిసీ బాగుచేశావు. ఇంక ఇది నాదెలా అవుతుందే, పిచ్చిమొహమా?" అంది.

నేను భోరుమన్నాను. అప్పగింతల్లో పెళ్లికూతురి కంటే ఎక్కువ ఏడ్చిన మేనకోడల్ని నేనొక్కదాన్నేనని బంధువులు చాలాకాలం చెప్పుకున్నారు. వ్యాను కదిలింది. ఏడుస్తూనే, నవ్వుతూనే, మెడలో గిటారుతో వీధిలో వ్యాను వెనక నడుస్తూ వాయించాను. ధన్, ఆగి, ధన్. మావయ్య కిటికీలోంచి తల బయటపెట్టి, "గట్టిగా కోడలా, గట్టిగా!" అని అరిచాడు. స్పీకరు లేని బేసు నడివీధిలో ఎవరికి వినపడుతుంది, పక్కన నడుస్తున్న నాయనమ్మకే వినపడలేదు. కానీ అవతలి కిటికీలోంచి తెల్లచీర చెయ్యి ఒకటి బయటికి వచ్చింది. వ్యాను మలుపు తిరిగేదాకా, నా వేలు తీగ మీద పడిన ప్రతిసారీ, ఆ చెయ్యి రేకు మీద దెబ్బ వేస్తూనే ఉంది.